బద్ద లేని ఇల్లు

నేనిప్పుడు రంగులో కూర్చుని ఉన్నాను. మాటవరసకు అనడం లేదు, నిజంగానే, మా కొత్త ఇంటి ముందుగది నట్టనడుమ, ఒలికిపోయిన లేత పసుపు రంగులో, చేతుల్లేని పువ్వుల గౌనుతో సహా కూర్చుని ఉన్నాను. రంగు చల్లగా తొడలకు అంటుకుంటోంది, అంచుల దగ్గర అప్పుడే ఆరిపోయి చర్మాన్ని సన్నగా లాగుతోంది, కిటికీలోంచి ఎండ నేరుగా వచ్చి నా మోకాలి మీద వాలింది, మోకాలు కూడా పసుపే, ఇంత చక్కని రంగును ఉత్త గోడకు వేసి ఊరుకుందామనుకున్నామే అని నవ్వొస్తోంది, నవ్వుతూనే ఉన్నాను, చెవి మాత్రం మెట్ల మీదే ఉంది. ఎదురుగా పాత పేపర్ల కట్ట మీద మా అక్క కూతురు కూర్చుని నన్నే చూస్తోంది. ఏడేళ్ల పిల్ల. పొద్దున డ్యూటీకి వెళ్తూ మా ఆయన దానికి పిడుగు అని పేరు పెట్టాడు, రోజంతా కిక్కురుమనని పిల్లకి పిడుగని పేరు పెట్టడం మా ఆయనకే చెల్లింది. మా ఆయన. ఈ మాట అనడం కోసమే నేను మాటలు కల్పించుకుంటానని మా ల్యాబులో వాళ్లు ఏడిపిస్తుంటారు. ఊరి నీళ్లు పరీక్ష చేసే ల్యాబు మాది, "ఈ సీసాలో సున్నం ఎక్కువుంది" అనాల్సిన చోట నేను "మా ఆయనకు సున్నం నీళ్లు పడవు" అంటానట. అంటే అన్నాను. పెళ్లయి ఇంకా నెల నిండలేదు, ఇప్పుడు అనకపోతే ఎప్పుడంటాను.

సొంత తాళంచెవి ఉండటం ఇంత బాగుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. మెట్లెక్కుతున్నంతసేపూ దాన్ని గుప్పిట్లో వెచ్చగా పట్టుకుంటాను. మా తలుపు కింద కాస్త ఒరుసుకుంటుంది, భుజంతో ఎత్తి తోయాలి, ఆ కిటుకు మా ఇద్దరికే తెలుసు. స్నానాల గదిలో కుళాయి తిప్పితే ముందు దగ్గి, తర్వాత గొంతు సవరించుకుని, అప్పుడు నీళ్లిస్తుంది, అచ్చం మా ల్యాబు పెద్దాయనలా. ఇక మా ఆయన సిటీ బస్సు డ్రైవరు, మా వీధి మలుపు తిరిగేటప్పుడల్లా హారన్ రెండుసార్లు పొట్టిగా కొడతాడు, అది నాకోసం, బస్సులో జనం మాత్రం ఏ కుక్కో అడ్డొచ్చిందనుకుంటారు. సెలవు దొరికితే నేనే వెళ్లి ఆ బస్సెక్కి, టికెట్ కొనుక్కుని, డ్రైవరు వెనక సీట్లో ఎవరో పరాయిదానిలా కూర్చుని, చివరి స్టాపు దాకా ఆయన మెడ మీది జుట్టు చూసుకుంటూ వెళ్తాను. అక్కడ డ్రైవరుతో మాట్లాడరాదు అని బోర్డుంటుంది. కండక్టరు దాన్ని వేలితో కొట్టి చూపిస్తాడు. "కాలేజీ చదువు చదివావు, ఇది చదవడం రాదా అమ్మా?" అంటాడు. "మాట్లాడట్లేదు, చూస్తున్నా. చూడరాదని రాయలేదుగా" అంటాను. మా ఆయన చెవులు ఎర్రబడతాయి, బస్సు మాత్రం గీత గీసినట్టు తిన్నగా పోతుంది.

ఇవన్నీ ఎందుకు తలుచుకుంటున్నానంటే, ఇందాక అక్క ఫోన్ చేసింది. దానికి ఇవాళ ఏదో తొందర పని తగిలింది, కుట్టాల్సిన బట్టలు గుట్టగా పడ్డాయి, సెలవురోజు కదా పిల్ల కాళ్లకడ్డం పడుతుందని పొద్దున్నే తెచ్చి నా దగ్గర దింపి వెళ్లింది. "ఇంకో నాలుగు గుండీలు కుట్టేసి బయల్దేరుతున్నానే. దాన్ని తయారుగా ఉంచు. అల్లరి చేసిందా?" అంది. "లేదక్కా" అన్నాను. "చేస్తే చెప్పు" అంది. అక్క బట్టలు కుట్టే కొట్టు నుంచి ఇక్కడికి మా ఆయన బస్సులోనే గంట ప్రయాణం. ఆ గంటలో నేను ఒకే ఒక్క మాట నేర్చుకోవాలి. పిల్లను నీతో పంపను. అంతే. చిన్న మాట. అక్కకు నేను ఇంతవరకూ ఎప్పుడూ కాదని చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు, నాకు కావాల్సినవన్నీ నాకంటే ముందు అక్కకే తెలిసేవి. పంపను అక్కా. నోట్లోనే అనుకుని చూస్తుంటే మాట తడబడుతోంది, మా కుళాయిలా ముందు దగ్గొస్తోంది.

పొద్దున్నుంచి ఇద్దరం గోడకు రంగు వేశాం. నేను పైన, అది కింద. ఎంత శ్రద్ధగా వేసిందో, నాలుక కొస బయటికి పెట్టి, గీత దాటకుండా, ఒక్క చుక్క కింద పడనివ్వకుండా. ఇంత చిన్నపిల్లకి ఇంత జాగ్రత్త ఎక్కడిదని ముచ్చటపడ్డాను చూడండి, నేను, అందరిలోకీ నేను. బయట నిప్పులు చెరిగే ఎండ, పిల్ల మాత్రం మణికట్టు దాకా పొడుగు చేతుల గౌను వేసుకుని, గుండీలు పెట్టుకుని వచ్చింది, అదీ నాకు వింతగా తోచలేదు. పుట్టి పెరిగిన ఇంటి వాసన మనకు తెలియదు కదా, అలా. తర్వాత అది గోడను ఎలా ఉందో చూసుకుందామని వెనక్కి ఒక అడుగు వేసింది, మడమ డబ్బాకు తగిలింది, డబ్బా ఒరిగింది. రంగు ఏమీ తొందరపడలేదు, తీరిగ్గా, ఒళ్లు విరుచుకుంటున్నట్టు నేలంతా పరుచుకుంది. నేను కోప్పడలేదు. కసరలేదు. ఒట్టు, నాకు కోపం కూడా రాలేదు. నా నాలుక మాత్రం అంగిలికి తగిలి టక్ మంది. అంతే, ఒక్క టక్. ఎవరైనా అంటారు, బస్సు తప్పిపోతే అంటారు, కూరలో ఉప్పెక్కువైతే అంటారు. కానీ ఇది అది కాదు. ఇది మా నాన్న టక్. ఆయన పోయి రెండేళ్లయింది, ఇప్పుడెక్కడినుంచి వచ్చి నా నోట్లో కూర్చున్నాడో నాకు తెలియదు, నేను మాత్రం ఆ చప్పుడు బయట ఎవరో చేసినట్టు విన్నాను.

పిల్ల కూడా విన్నది. కుంచె జాగ్రత్తగా పేపరు మీద పెట్టింది. గుడ్డతో పాదాలు తుడుచుకుని లోపలికి వెళ్లింది. మడుగు తుడవడానికి ఏదన్నా తెస్తుందేమో అనుకున్నాను. పడగ్గది తలుపు చప్పుడైంది, వంటింటి తలుపు, స్నానాల గది తలుపు. తీసి లోపలికి వెళ్తున్న చప్పుళ్లు కావు, తలుపు ముందుకు లాగి వెనక చూస్తున్న చప్పుళ్లు. తిరిగొచ్చి నా ముందు నిలబడింది.

"పిన్నీ, మీ ఇంట్లో బద్ద ఎక్కడ పెడతారు?"

"ఏ బద్ద?"

"కొట్టే బద్ద. తలుపుల వెనక చూశా, కనబడలేదు."

"మా ఇంట్లో లేదమ్మా."

దానికి ధైర్యం వస్తుందనుకున్నాను. మొహం ఇంకా పాలిపోయింది. బద్ద లేకపోతే మరేం ఉంటుందో అని గదంతా ఒకసారి చూసింది, కుంచెలు, చీపురు, నిచ్చెన. "చేత్తోనా?" అంది. తర్వాత, ఎంతో పెద్దరికంగా, నా మంచి కోరి చెప్తున్నట్టు, "చేత్తో అయితే నీకే నొప్పి పుడుతుంది పిన్నీ. అమ్మ చెప్పింది" అంది.

నిన్ను కొట్టను అంటే నమ్మదు, నేనైతే నమ్మేదాన్నా. కొట్టను అన్న మాట కొట్టబోయే ముందు కూడా వినబడుతుంది మా ఇళ్లలో, దగ్గరికి రప్పించడానికి. అందుకని నేను, కొత్త గౌను, మొన్ననే కొనుక్కున్నది, మా ఆయన చూసి బాగుందనడం రాక "ఇది కిటికీ పరదా బట్ట కదా" అన్న గౌను, దాంతోనే నడిచి వెళ్లి రంగు మధ్యలో చతికిలబడ్డాను. చప్పుడు కూడా అయింది, గౌరవంగా లేని చప్పుడు. పిల్ల నవ్వలేదు. నోరు తెరుచుకుని చూసి, చూసి, "ఇప్పుడు నిన్ను బాబాయి కొడతాడా?" అంది.

"కొట్టడు."

"ఎందుకు?"

నీళ్లు ఎందుకు కఠినమవుతాయో అడిగితే ఫార్ములాతో సహా చెప్తాను. ఇది ఎవరూ నేర్పలేదు. "ఆయనకు రాదు" అన్నాను.

"నేర్చుకోలేదా?"

"లేదు. వాళ్లింట్లో ఎవరికీ రాదు."

అది ఆలోచించింది. "అమ్మకు వచ్చు. తాతయ్య నేర్పించాడుగా" అంది, అమ్మకు కుట్టడం వచ్చు, కాజాలు తీయడం వచ్చు అన్నట్టు. అప్పుడు దాని మోచేతి దగ్గర రంగు పడిందని చూశాను, రా కడుగుతా అని గుండీ విప్పబోతే మణికట్టు పట్టుకుని వదల్లేదు. "అమ్మ ఎత్తొద్దంది." "నాకు చూపించొచ్చు" అన్నాను, "నావి కూడా అలాగే ఉండేవి" అన్నాను. ఆ మాటకు వదిలింది. పైకి మడిచాను. అడ్డంగా, తిన్నగా, చివర చిన్న అర్ధచంద్రం. ఆ అర్ధచంద్రం నాకు తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియక్కర్లేదు, అక్కకూ నాకూ దీనికీ తెలుసు, ఇత్తడి అంచు దిగిన చోటు అది. అంటే ఏదో ఒక బద్ద కాదు. అదే బద్ద.

మా నాన్న దర్జీ. టేకు గజం బద్ద, రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు, కొట్లో పని లేనప్పుడు తలుపు వెనక మేకుకు వేలాడేది. మా ఇంటి పద్ధతి ఏమిటంటే, తప్పు చేసినవాళ్లే వెళ్లి దాన్ని తెచ్చి రెండు చేతులతో ఇవ్వాలి. ఆయన లేచి వెళ్లడు. దారాన్ని పంటితో కొరికి, సూది పక్కన పెట్టి, టక్ మంటాడు. అంటే వెళ్లి తెమ్మని. ఆ నడక ఉంది చూశారూ, కుర్చీ నుంచి తలుపు దాకా, మళ్లీ తలుపు నుంచి కుర్చీ దాకా, దానితో పోలిస్తే దెబ్బ ఎంత, దెబ్బ అయిపోతుంది. ఎందుకు తెచ్చేవాళ్లమో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కిటికీలోంచి విసిరేయొచ్చు, పొయ్యిలో పెట్టొచ్చు, పారిపోవచ్చు. అదేమీ తోచేది కాదు. బుద్ధిమంతుల్లా తెచ్చి ఇచ్చేవాళ్లం, అప్పుడాయన "చెయ్యి చాపు" అనేవాడు. అమ్మ లోపలి గదిలో కుట్టుమిషను తొక్కేది. బట్ట లేకుండా, దారం లేకుండా, ఖాళీ మిషను, పక్కింటివాళ్లకు వినబడకుండా గడగడగడ. వీధంతా మా అమ్మ ఎంత కష్టజీవి అనుకునేది. అమ్మను నేను తప్పు పట్టాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు, అమ్మ కూడా పోయింది, ఖాళీ మిషను చప్పుడు మాత్రం ఎక్కడ విన్నా నా అరచేతులు వాటంతటవే వెచ్చబడతాయి.

తర్వాత, సాయంత్రానికి, నాన్న టేపు మెడలో వేసుకుని మళ్లీ పిలిచేవాడు. "చెయ్యి చాపు తల్లీ." అదే మాట, ఇప్పుడు ఎంతో మెత్తగా. భుజం నుంచి మణికట్టు దాకా కొలిచి, పొడుగు చేతుల గౌను కుట్టేవాడు. ఎంత బాగా కుట్టేవాడనుకున్నారు. భుజం దగ్గర సన్నటి కుచ్చులు, మణికట్టు దగ్గర బట్ట చుట్టిన గుండీలు, ఎక్కడా ఒక్క ముడత ఉండేది కాదు. బళ్లో టీచరమ్మ మమ్మల్ని బల్ల మీద నిలబెట్టి చూపించింది, పిల్లల్ని పంపితే ఇలా పంపాలి అని. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క నన్ను చూసింది, నేను అక్కను చూశాను, ఇద్దరం చేతులు వెనక్కి పెట్టుకున్నాం. ఆ చప్పట్లు మా నాన్నకి. నేను ఆయన్ని రాక్షసుడని తీసిపారేద్దామని ఎన్నోసార్లు ప్రయత్నించాను, అది తేలికగా ఉండేది, కానీ ఆ కుచ్చులు అడ్డొస్తాయి. దాచడానికి కుట్టినవాడికి తను చేస్తున్నది ఏమిటో తెలుసు. తెలిసి చేశాడు. అంత నైపుణ్యంగా దాచగలిగినవాడు అందులో పదో వంతు కష్టపడితే ఆపగలిగేవాడు. ఇది నేను ఇంతవరకూ ఇలా అనుకోలేదు. ఇవాళ రంగులో కూర్చున్నాక తోచింది. రంగులో ఏదో ఉంది.

మా ఆయనకు ఇదంతా చెప్పానా అంటే చెప్పాను, కానీ చెప్పిన తీరు చూస్తే నవ్వొస్తుంది. కాపురం పెట్టిన మొదటి వారంలోనే ఆయన కప్పు పగలగొట్టాను, ఆయనకు ఎంతో ఇష్టమైన కప్పు, డిపోలో ఎవరో ఇచ్చింది. చప్పుడుకు ఆయన వంటింట్లోకి వచ్చాడు. నేను అప్పటికే గోడకు ఆనుకుని, రెండు చేతులూ చాపి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాను. నేను అలా నిలబడ్డానని నాకు తెలియదు. ఏదో బరువుగా చేతుల్లో పడింది. కళ్లు తెరిచి చూస్తే బిస్కెట్ల పొట్లం. "అడిగితే ఇవ్వనా, చేతులు చాపాలా?" అన్నాడు, నేను బిస్కెట్లు అడుగుతున్నాననుకున్నాడు పాపం. నేను నవ్వడం మొదలుపెట్టి ఆపలేక, నేల మీద కూలబడి, నవ్వు ఎక్కడ ఏడుపైందో ఇద్దరికీ తెలియలేదు. ఆ ఆదివారం చివరి స్టాపులో, బస్సు ఖాళీ అయ్యాక, డ్రైవరుతో మాట్లాడాను. ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆగి ఉన్న బస్సును నడుపుతున్నట్టే ముందుకు చూస్తూ విన్నాడు. తిరుగు ప్రయాణంలో ప్రతి గుంత దగ్గరా బస్సు దాదాపు ఆపి దాటించాడు, వెనక జనం విసుక్కున్నా.

అయితే ఆయనకు చెప్పనిది ఒకటుంది, నాకే తెలియదు కాబట్టి చెప్పలేదు. సామాను సర్దుకున్న రోజు నేను ప్రతి గది తలుపూ ముందుకు లాగి వెనక చూశాను. ఏదో మరిచిపోయినట్టు, ఏదో ఒకటి రావాల్సింది రానట్టు. "ఏం వెతుకుతున్నావు?" అన్నాడు. "ఏమో, ఇల్లు ఖాళీగా లేదూ?" అన్నాను. ఇవాళ పిల్ల అవే తలుపులు లాగుతుంటే అర్థమైంది నేనేం వెతికానో. దీపం లేని ఇల్లు ఉండదన్నట్టు, అది లేని ఇల్లు ఉండదనుకుంటాం మేం. నేను డిగ్రీ చదివి, ఉద్యోగం చేసుకుంటూ, మనసిచ్చినవాణ్ణి పెళ్లాడి, తాళంచెవిని చూసి మురిసిపోతూ, మళ్లీ దాన్నే వెతుక్కున్నాను. దొరకలేదు కాబట్టి సరిపోయింది. పిల్ల అడగకపోతే రేపు నా కడుపున ఒకరు పుట్టాక ఏ మేకు కొడుదునో. టక్ ఎలాగూ వచ్చేసింది. కుచ్చులు కుట్టే వేళ్లు నాకు రాలేదు, ఒత్తయిన జుట్టు అక్కకు పోయింది, నాకు మిగిలింది ఇదా అని నాలుకను పంటి కింద పెట్టి నొక్కుతున్నాను. ఉండు అక్కడే. నీకు ఈ ఇంట్లో పని లేదు.

అక్క సంగతి వేరు, అక్క సంగతే కష్టం. నాకంటే ఏడేళ్లు పెద్దది. నాన్న టక్ మన్నప్పుడు, అది నాకైతే, నేను కదిలేలోపే అక్క వెళ్లి బద్ద తెచ్చేది. తెచ్చి, తన చెయ్యి చాపేది. "దాని వంతు నాకివ్వు నాన్నా" అనేది, బజారులో బేరమాడుతున్నట్టు మామూలుగా. ఒక్కోసారి ఇచ్చేవాడు. ఒక్కోసారి ఇద్దరికీ ఇచ్చేవాడు. తను కాలేజీ మానేసి కొట్లో కూర్చుంది, నన్ను కూర్చోనివ్వలేదు. పెళ్లికి నా బట్టలన్నీ తనే కుట్టింది, చేతుల్లేకుండా, అన్నీ చేతుల్లేకుండా, నోట్లో గుండుసూదులు పెట్టుకుని నవ్వుతూ, "ఇక నీకు పొడుగు చేతులెందుకే, ఊరంతా చూడనీ నీ భుజాలు" అంది. అదే మిషను మీద, అదే వారం, కూతురికి మణికట్టు దాకా కుట్టింది. నేను చూశాను ఆ గౌను, ఎంత బాగుందక్కా అన్నాను కూడా. బావ లారీ తీసుకుని వెళ్తే నెలల తరబడి రాడు, అక్క ఒక్కతే కొట్టు, ఇల్లు, పిల్ల, అలసట ఉంటుంది, ఉండదా, ఆ అలసటకు నాన్న ఒక బద్ద వదిలేసి వెళ్లాడు. అన్నీ తెలుసు నాకు. అన్నీ తెలిసినందువల్ల ఆ పిల్ల చేతి మీద గీత ఒక వెంట్రుకవాసి కూడా తగ్గదు. నా కోసం తిన్న దెబ్బలకు బదులుగా దాని దెబ్బలు చూసీ చూడనట్టు ఊరుకోవాలా. అమ్మ మిషను తొక్కినట్టు నేను గోడకు రంగు వేసుకుంటూ, మా ఆయన మా ఆయన అని పాడుకుంటూ ఉండాలా. ఉండను. నా సంతోషం ఖాళీ మిషను కాదు. నేను దీన్ని ఎవరి ఏడుపూ వినబడకుండా చెయ్యడానికి తెచ్చుకోలేదు.

పిల్ల పేపర్ల కట్ట దిగింది. మడుగు అంచున నిలబడి బొటనవేలు ముంచి చూసింది. నావైపు చూసింది. నా నాలుక కిమ్మనలేదు. ఇంకో వేలు ముంచింది, తర్వాత పాదం, తర్వాత ఆ పాదంతో వెళ్లి వంటింటి గుమ్మం దాకా పసుపు అడుగులు వేసి వచ్చింది, ప్రతి అడుగుకూ వెనక్కి తిరిగి నా మొహం చూస్తూ. వీధి మలుపులో హారన్ రెండుసార్లు పొట్టిగా మోగింది. ఒళ్లంతా ఎప్పటిలాగే ముందు పులకరించింది, తర్వాత గుర్తొచ్చింది, ఆ బస్సులోనే అక్క ఉంటుంది. లేచాను, గౌను అట్టలా నిలబడి నాతోపాటు లేచింది. మెట్ల మీద అక్క చెప్పులు. అక్క అడుగులు నాకు చిన్నప్పటి నుంచీ ధైర్యం, ఇంట్లోకి అవి వస్తే చాలనుకునేదాన్ని. పంపను అక్కా. పంపను. తలుపును గడియ పట్టి పైకెత్తి తీశాను, తీసి గుమ్మంలోనే నిలబడ్డాను.

అక్క నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "గోడకు వేయమంటే నువ్వు వేసుకున్నావేంటే" అంది. నవ్వబోయింది. నా భుజం మీదుగా నేల చూసింది, అడుగులు చూసింది. "అది ఒలకబోసిందా?" అక్క నాలుకా టక్ మంది. నా వెనక పిల్ల కదలడం ఆగిపోయింది, చూడకుండానే తెలిసింది.

"అది ఇవాళ ఇక్కడే ఉంటుందక్కా. నీతో పంపను."

"రేపు బడి ఉంది."

"నేను దింపుతాను."

"ఏం చెప్పింది నీకు?"

"ఏమీ చెప్పలేదు. మీ ఇంట్లో బద్ద ఎక్కడ పెడతారని అడిగింది."

అక్క మొహంలో ఏదో వచ్చి వెళ్లిపోయింది, తలుపు సందులో వెలుగులా. వెంటనే గడ్డం పైకెత్తింది. "మనల్ని పెంచలేదా అలా? చెడిపోయామా? డిగ్రీ చేశావు, ఉద్యోగం చేస్తున్నావు."

"నేను డిగ్రీ చేసింది నువ్వు అడ్డం నిలబడ్డందుకు. ఆయన కొట్టినందుకు కాదు. దానికి అడ్డం ఎవరున్నారక్కా?"

"నెల కాలేదు నీ కాపురానికి, నాకు నీతులు చెప్తున్నావు. నీకూ పుడతారుగా, అప్పుడు చూస్తా."

"చూడు. రోజూ వచ్చి చూడు. తలుపు తీసే ఉంటుంది నీకు."

"జరుగు."

జరగలేదు. చెయ్యి లేచింది. అక్క చెయ్యి, నా జుట్టు దువ్విన చెయ్యి, నా వంతు చాచిన చెయ్యి. నేను కళ్లు మూసుకోలేదు. జీవితంలో మొదటిసారి కళ్లు తెరిచి చూశాను, అది ఎంత నెమ్మదిగా వస్తుందో, పట్టుకోవడానికి ఎంత సమయం ఉంటుందో. పట్టుకున్నాను. మణికట్టు సన్నగా ఉంది, సూది పోట్లతో వేలికొసలు గరుకుగా, నా అరచేతిలోని పచ్చి రంగు దాని చేతికి అంటుకుంది. ల్యాబులో గాజు గొట్టం పట్టుకునే చెయ్యి నాది, వణకదు. గట్టిగా నొక్కలేదు, వదల్లేదు. విడిపించుకుంటుందని చూశాను. విడిపించుకోలేదు. బరువంతా నా చేతి మీద వేసి నిలబడింది.

"ఆగట్లేదే" అంది. గొంతు చాలా కిందికి పోయింది. "ఆపుదామనుకుంటా. చెయ్యి ఆగట్లేదు."

"తెలుసు. అందుకే ఇది ఇక్కడుంటుంది."

"ఎన్నాళ్లు?"

"నువ్వు ఆగేదాకా."

"ఆగకపోతే?"

"ఇక్కడే పెరుగుతుంది."

అరుస్తుందనుకున్నాను. నా భుజం మీదుగా పిల్లను చూసింది. "ఉంటావా?" అని అడిగింది. దాని ఇష్టం ఎవరైనా అడగడం అదే మొదటిసారేమో. "ఉంటా" అంది, ఏడేళ్ల పిల్ల అంత గట్టిగా అనగలదని నేననుకోలేదు, మెట్ల దాకా వినబడింది. అప్పుడు మణికట్టు వదిలాను. అక్క పైట సర్దుకుంది, సంచి భుజానికి వేసుకుంది, మెట్లు దిగబోయి ఆగింది, కానీ ఇటు తిరగలేదు.

"పొద్దున్న తల దువ్వేటప్పుడు చెవి వెనక చిక్కు పడుతుంది దానికి" అంది. "లాగకు."

"లాగను" అన్నాను.